సంఘం లక్కీ డ్రా టికెట్టు వెనక 200 ఏళ్ల కథ



పోయిన వారం దేవాంగుల గురించి రాసినదానికి మీరు పెట్టిన జవాబులన్నీ చదివాము. అక్షర దోషాలు దిద్దిన బెంగళూరు అక్కగారికి ప్రత్యేకంగా దండాలు. మేము చదువుకున్నది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక మనవరాలి పలకమీద నేర్చుకున్నవే. కాబట్టి ఇందులోనూ తప్పులుంటాయి, దిద్దండి.

ఈసారి రాసేది కొంచెం సంఘం లోపలి సంగతి. వచ్చే మహాసభలో వైద్య నిధి కోసం లక్కీ డ్రా పెట్టాలని ఒక తీర్మానం రాబోతోంది. టికెట్టు 100 రూపాయలు. మొదటి బహుమతి వాషింగ్ మెషీన్, రెండోది ప్రెషర్ కుక్కర్. 2021 మే నెలలో కూడా ఇదే తీర్మానం వచ్చింది. అప్పుడు కోశాధికారిగా ఉన్నది మేము. దాన్ని ఆపిందీ మేమే. ఎందుకు ఆపామో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాము. లాక్‌డౌన్‌లో, ఫోన్‌లో, ఒకరి మాట ఒకరికి వినపడకుండా జరిగిన కమిటీ అది. "రూల్ లేదు తమ్ముడూ" అని మాత్రం అన్నాము. ముప్పై ఏళ్లు టికెట్ కౌంటర్లో కూర్చున్న మనిషి నోటికి ఆ మాటే ముందు వస్తుంది.

తీర్మానం తెచ్చిన తమ్ముడు ఆ తరువాత రెండేళ్లు మాతో మాట్లాడలేదు. కారణం మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్లకు కింద చెప్తాము. ముందు చరిత్ర.

మనవాళ్లు చాలామంది లాటరీ అంటే 1968లో అన్నాదురై గారు మొదలుపెట్టిందనే అనుకుంటారు. పడితే ఇంటికి, పడకపోతే నాటికి అనే అర్థం వచ్చే ఆ తమిళ నినాదం మా వయసువాళ్లందరికీ నోటికి వచ్చు. కాని సర్కారు, ధర్మకార్యం, లాటరీ ఈ మూడూ కలిసి నడవడం అంతకంటే చాలా పాతది. దానికి కలకత్తా పోవాలి.

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో కలకత్తాలో ఊరి పనులకు డబ్బు కావాలంటే లాటరీ వేసేవారు. సెయింట్ జాన్స్ చర్చికి కొంత డబ్బు అలాగే వచ్చింది. 1813లో పూర్తయిన టౌన్ హాలు లాటరీ డబ్బుతో కట్టిందే. 1817లో ఏకంగా లాటరీ కమిటీ అనే పేరుతోనే ఒక కమిటీ వేశారు. మురుగు కాలవలు, చెరువులు, రోడ్లు దాని పని. ఈరోజు కలకత్తా పోయి స్ట్రాండ్ రోడ్డులోనో కాలేజీ స్ట్రీట్‌లోనో నడిచేవాళ్లు ఆ లాటరీ డబ్బు మీద నడుస్తున్నట్టే లెక్క.

ఆ 1817వ సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది ఆగస్టులో బెంగాల్లో జెస్సోర్ దగ్గర కలరా లేచి కలకత్తాకు పాకింది. అక్కణ్ణుంచి దేశమంతా, తరువాత ఇతర దేశాలకూ పోయింది. ప్రపంచ కలరా చరిత్ర రాసేవాళ్లు మొదటి మహమ్మారి అని లెక్కపెట్టేది దీన్నే. కమిటీ కలరా కోసమని వేసింది కాదు, ఊరు బాగుచేసే పని అంతకు ముందు వెల్లస్లీ కాలం నుంచే ఉంది. కాని మురుగు, నిల్వ నీళ్లు, ఇరుకు సందులు ఉన్న ఊరిలో జనం రాలిపోతుంటే, ఆ మురుగు తీసే పనికి డబ్బు వచ్చింది మాత్రం లాటరీ టికెట్ల నుంచే. అంటే మహమ్మారి, లాటరీ రెండూ ఒక ఊరిలో ఎదురుపడటం మన కరోనాతో మొదలు కాలేదు.

ఇరవై ఏళ్లు నడిచాక 1836లో ఆ కమిటీని ఎత్తేశారు. డబ్బు రాక కాదు. ఇంగ్లండులో జనాభిప్రాయం లాటరీలకు ఎదురు తిరిగింది. వాళ్లు తమ దేశంలో సర్కారు లాటరీని 1826లోనే ఆపుకున్నారు. బీదవాడు కూలిడబ్బు పెట్టి టికెట్టు కొంటున్నాడు అనే మాట అక్కడ బాగా పాకింది. కలకత్తాలో కమిటీ పోయిన సంవత్సరమే జ్వరాల ఆసుపత్రి కోసం ఇంకో కమిటీ వేశారు. ఊరు ఎందుకు జబ్బు పడుతోంది అనే విచారణ అందులో మొదలైంది. పని అలాగే ఉంది, డబ్బు వచ్చే దారి మాత్రం మారింది.

ఆ తరువాత వచ్చిందే మనల్ని ఈరోజుకీ పట్టుకున్న చట్టం. 1844లో కంపెనీ సర్కారు ఒక చట్టం చేసి, ప్రభుత్వ అనుమతి లేని లాటరీలన్నీ నిషేధం అన్నది. 1870లో దాన్నే ఇండియన్ పీనల్ కోడ్‌లో 294ఎ సెక్షన్‌గా చేర్చారు. అనుమతి లేని లాటరీ తీయడానికి ఆఫీసో, చోటో పెట్టుకుంటే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. టికెట్టు అమ్ముతామని, ఇంత బహుమతి ఇస్తామని ప్రచురించినవాడికి 1,000 రూపాయల వరకు జరిమానా. 2024 జూలై 1 నుంచి పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో ఇదే 297వ సెక్షన్. నంబరు మారింది, ప్రచురించినవాడికి జరిమానా హద్దు 5,000 రూపాయలకు పెరిగింది, మిగతా సంగతి అదే.

ఆ సెక్షన్‌లో గమనించవలసింది ఒకటుంది. ధర్మానికి అయితే వదిలేస్తాము అని అందులో ఎక్కడా లేదు. గుడికా, బడికా, ఆసుపత్రికా అని అడగదు. సర్కారు లాటరీయా, సర్కారు అనుమతి ఇచ్చిన లాటరీయా అని మాత్రం అడుగుతుంది. మన తమ్ముడు ఆ రోజు ఫోన్‌లో "అన్నా, మనం తినడానికా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చట్టం మాత్రం ఆ ప్రశ్న అడగదు.

ధర్మానికి చోటిచ్చిన చట్టాలు లేకపోలేదు. ఇంగ్లండులో 1934లో ఒక చట్టం చేశారు. చర్చి బజారులోనో, సంఘం వినోద కార్యక్రమంలోనో పెట్టే చిన్న లాటరీ నేరం కాదన్నారు. షరతులు ఏమిటంటే: ఖర్చులు పోను మిగిలిన డబ్బంతా ఎవరి సొంతానికీ పోకూడదు. బహుమతి నగదుగా ఇవ్వకూడదు. బహుమతులు కొనడానికి 10 పౌండ్లకు మించి తీయకూడదు. టికెట్లు ఆ చోటనే, ఆ కార్యక్రమం జరిగేటప్పుడే అమ్మాలి. జనం రావడానికి లాటరీయే ముఖ్య ఆకర్షణ కాకూడదు. ఒకే సంఘం సభ్యుల మధ్య వేసుకునే ప్రైవేటు లాటరీకి కూడా చోటిచ్చారు, కాని టికెట్టు తపాలాలో పంపకూడదు. ఈ ఆఖరి షరతు చదివినప్పుడు మాకు నవ్వు వచ్చింది. ఈరోజు రాసి ఉంటే వాట్సాప్‌లో పంపకూడదు అని రాసేవారు.

స్వతంత్రం వచ్చాక బొంబాయి రాష్ట్రం 1948లో చేసిన లాటరీల చట్టం ఈ దారిలోనే నడిచింది. మైసూరులో 1951లో అదే తరహా చట్టం వచ్చింది. కాబట్టి మహారాష్ట్ర, కర్ణాటకలో ఉన్న మనవాళ్లు తమ సంఘాల డ్రాల గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండు చట్టాలు తెప్పించుకొని చూడాలి. యానాంవాళ్లు పుదుచ్చేరి రూల్స్ చూసుకోవాలి, కాకినాడ పక్కనే ఉన్నాము కదా అని ఆంధ్ర రూల్స్ పట్టుకుంటే పనికిరాదు. ఇక తమిళనాడులో ఉన్న మన సంగతి. మద్రాసు రాజధానిలో 1930లో చేసిన గేమింగ్ చట్టం ఉంది. అది గేమింగ్ అనే మాటకు అర్థం చెప్తూ, అందులో లాటరీ చేరదు అని చెప్పి వదిలేసింది. వదిలేసింది అంటే అనుమతించింది అని కాదు. పీనల్ కోడ్ చూసుకుంటుందని వదిలేసింది. మన కమిటీలో ఒక పెద్దాయన ఆ వాక్యం చూపించి "చూడండి, లాటరీ గేమింగ్ కాదట, పరవాలేదు" అన్నాడు. ఇది ఎలాగుంటుందంటే, ఎక్స్‌ప్రెస్ టైంటేబిల్లో మన స్టేషన్ పేరు లేదు కాబట్టి అక్కడ రైలు దిగినా టికెట్టు అడగరు అన్నట్టుంటుంది.

రాజ్యాంగంలో కూడా రెండు ముక్కలు చేశారు. పందెం, జూదం రాష్ట్రాల జాబితాలో 34వ అంశం. సర్కార్లు నడిపే లాటరీలు కేంద్ర జాబితాలో 40వ అంశం. అందుకే రాష్ట్ర లాటరీలకు కేంద్రం 1998లో చట్టం చేయగలిగింది. టికెట్లు సర్కారే తన ముద్రతో అచ్చువేయాలి, డ్రా సర్కారే తీయాలి, అమ్మకం డబ్బు ప్రభుత్వ ఖాతాలో పడాలి. ఏ రాష్ట్రమైనా ఇతర రాష్ట్రాల టికెట్లను తన హద్దులో అమ్మకుండా ఆపవచ్చు. 1957లో సుప్రీంకోర్టు బొంబాయి సర్కారు వేసిన అప్పీలులో ఒక మాట తేల్చేసింది: జూదం వ్యాపారం కిందికి రాదు, వ్యాపార స్వేచ్ఛ పేరుతో దానికి రక్షణ అడగలేరు అని. ఆ కేసులో పోటీలు పెట్టింది బెంగళూరులో అచ్చయ్యే ఒక వారపత్రిక ద్వారా. పత్రిక మైసూరు రాష్ట్రంలోది, పందెం కట్టినవాళ్లు బొంబాయి రాష్ట్రంలో. హద్దు దాటే టికెట్ల తగాదా అప్పటినుంచే ఉంది.

హద్దు అంటే మాకు గుర్తొచ్చేది వాళయార్. కోయంబత్తూరులో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెప్తాము.

కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టింది. ఆర్థికమంత్రి పి.కె. కుంజు. మొదటి డ్రా 1968 జనవరి 26న. టికెట్టు ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50,000. అదే ఏడాది తమిళనాడులో, మరుసటి ఏడాది మహారాష్ట్రలో మొదలైంది. తమిళనాడు పరిసు చీట్టు కాలం మేము చూసిందే. బస్టాండులో, స్టేషన్ బయట, సైకిల్‌కు అట్ట కట్టి టికెట్లు గుచ్చి అమ్మేవారు. సాయంత్రం పేపర్లో నంబర్లు చూసుకునేవాళ్లు మా కౌంటర్ ముందు కూడా నిలబడేవారు. జీతం రోజు సాయంత్రం గ్యాంగ్‌మన్‌లు ఇంటికి పోయేలోపల ఎంత డబ్బు ఆ అట్టమీద పోయేదో మా కళ్లతో చూశాము. 2003 జనవరిలో జయలలితగారి సర్కారు అన్ని లాటరీలనూ నిషేధించింది. ఇతర రాష్ట్రాలవి కూడా. శివకాశిలో టికెట్లు అచ్చువేసే ప్రెస్సులకు పెద్ద దెబ్బ. సైకిళ్లమీద అమ్మినవాళ్లు ఏమయ్యారని ఎవరూ లెక్క తీయలేదు. కర్ణాటక 2007లో ఆపింది. ఆ తరువాత మా ఊరివాళ్లు టికెట్టు కావాలంటే వాళయార్ దాటి కేరళలో కొనుక్కొని వచ్చేవారు. పోదనూరులో పాసింజరు ఎక్కితే ఎంతసేపు!

కేరళలో ఈ డబ్బును వైద్యానికి ముడివేసింది 2011లో. ఆర్థికమంత్రి కె.ఎం. మాణి కారుణ్య అనే లాటరీ పెట్టి, దాని ఆదాయంతో క్యాన్సర్, గుండె, కిడ్నీ రోగులకు సహాయం చేసే నిధి ఏర్పాటు చేశారు. తరువాత ఆ సహాయాన్ని ఆరోగ్య బీమా పథకంతో కలిపారు. మన తమ్ముడు 2021లో చూపించిన ఉదాహరణ ఇదే. "పక్క రాష్ట్రంలో సర్కారే చేస్తోంది, మనం చేస్తే తప్పా?" అని.

ఇప్పుడు కరోనా సంగతికి వస్తాము. 2020 మార్చిలో రాష్ట్రాలన్నీ చేతిలోకి తీసుకున్నది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయి ప్లేగు రోజుల్లో హడావుడిగా చేసిన చిన్న చట్టం అది. (ఆ ప్లేగు మా ఊరికి కూడా వచ్చింది. కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మ గుళ్లు ఈరోజుకీ ఉన్నాయి, 2021లో కరోనా దేవికి కూడా విగ్రహం పెట్టారు. అది వేరే రోజు రాస్తాము.) దానితోపాటు 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద దేశమంతా లాక్‌డౌన్. ఈ రెండు చట్టాలూ జనం గుమికూడటాన్ని ఆపాయి. జూదం అనుమతుల గురించి వాటిలో ఏమీ లేదు, సడలింపు కూడా లేదు. ధర్మానికి డబ్బు కావాలి, కాబట్టి ఈ కొన్ని నెలలు సంఘాలు డ్రాలు పెట్టుకోవచ్చు అని ఎవరూ ఆర్డర్ వేయలేదు.

పైగా జరిగింది తిరగబడి జరిగింది. సర్కారు తన లాటరీనే ఆపుకుంది. కేరళలో 2020 మార్చి ఆఖరులో అమ్మకాలు, డ్రాలు నిలిపేశారు. విషు బంపర్ వాయిదా పడింది. మళ్లీ డ్రాలు మొదలైంది జూన్‌లో. 2021 మేలో రెండోసారి ఆగాయి. అదీ ఎలాంటి సమయంలో? ఆ మార్చి 1వ తేదీనుంచే లాటరీలమీద జిఎస్‌టి అంతటా 28 శాతం చేశారు. వైద్యానికి డబ్బు ఇచ్చే లాటరీ, వైద్యం ఎక్కువ కావలసినప్పుడు ఆగిపోయింది. టికెట్టు అమ్మేది మనిషి, కొనేది మనిషి. ఇద్దరూ వీధిలోకి రాకూడదు. కేరళలో అమ్మేవాళ్లలో వికలాంగులు, ముసలివాళ్లు ఎంతమందో అక్కడ ప్రయాణం చేసినవాళ్లందరికీ తెలుసు. వాళ్లకు సంక్షేమ బోర్డు ఉంది కాబట్టి ఏదో కొంత చేయి అందింది. మన రాష్ట్రంలో 2003లో సైకిల్ దించుకున్నవాళ్లకు అదీ లేదు.

ఆ రోజు కమిటీలో అమెరికా మాట కూడా వచ్చింది. మన సభ్యుడొకాయన అల్లుడు మినియాపోలిస్‌లో ఉంటాడు. అక్కడ సంఘాలన్నీ ఇలాగే డబ్బు పోగుచేస్తాయి, మనకేమి భయం అన్నాడు. అందుకని మేము అదీ చదివాము. నిజమే. మిన్నెసోటాలో 1945లోనే ధర్మ సంఘాలకు బింగో అనుమతించారు. ఇప్పుడు బార్లలో చింపి చూసే కాగితం టికెట్లు అమ్మేది కూడా లైసెన్సు తీసుకున్న సంఘాలే. మాజీ సైనికుల క్లబ్బులు, పిల్లల హాకీ సంఘాలు అలాంటివి. దానికోసమే ఒక బోర్డు ఉంది. సంఘానికి లైసెన్సు వేరే, ఆట నడిచే చోటికి పర్మిట్ వేరే. ఏడాదిలో 5 రోజులకు మించకుండా, బహుమతులు 50,000 డాలర్లు దాటకుండా నడిపేవాళ్లకు లైసెన్సు బదులు చిన్న పర్మిట్ చాలు. ఏడాదంతా కలిపి 1,500 డాలర్లలోపు బహుమతులతో టికెట్ల డ్రా వేసుకుంటే అదీ అక్కర్లేదు. గుమాస్తా మనసుకు ఎంత హాయిగా ఉందో ఆ మెట్లు చూస్తే! ఎంత ఆటకు అంత కాగితం. కాని 2020 మార్చి 17 సాయంత్రం గవర్నర్ ఆర్డర్‌తో బార్లు మూసేసరికి, అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్న ఆ సంఘాల ఆదాయం కూడా ఆ సాయంత్రమే ఆగిపోయింది. పర్మిట్ చేతిలో ఉన్నా ఆట నడిచే చోటు మూతబడింది.

ఇక ఫోన్‌లో తంబోలా ఆడదాము, ఎవరూ బయటకు రానక్కర్లేదు అనేది ఆ రోజు ఆఖరి ఉపాయం. తంబోలా మాకు కొత్త కాదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు హౌసీ ఆడుతుంటే, నంబర్లు పిలిచే తీరు వినడానికే కిటికీ దగ్గర నిలబడేవాళ్లం. కాని కాలం కలిసి రాలేదు. 2020 నవంబరులో తమిళనాడు సర్కారు ఆర్డినెన్స్ వేసింది. ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టుకొని ఆత్మహత్యలు జరుగుతున్నాయని అప్పుడు పెద్ద గొడవ. డబ్బు పెట్టి ఇంటర్నెట్‌లో ఆడే ఆటలన్నీ నిషేధం. ఆడినవాడికి 5,000 జరిమానా, ఆరు నెలల జైలు వరకు. ఆడించడానికి చోటు నడిపినవాడికి 10,000, రెండేళ్లు. 2021లో అది చట్టమైంది. మద్రాసు హైకోర్టు దాన్ని కొట్టేసింది 2021 ఆగస్టు 3న. మన కమిటీ కూర్చున్నది మే నెలలో. అంటే ఆ రోజు ఆ చట్టం అమలులో ఉంది. సంఘం ఫోన్ నంబరుకు డబ్బు వేయించుకొని, అదే గ్రూపులో నంబర్లు పిలిస్తే, పేరు రాసుకొనే మొదటి మనిషి కోశాధికారి. మా భయం కూడా అందులో ఉంది, దాచడం లేదు. పింఛను మీద బతికేవాళ్లం.

ఇప్పుడు ఆ తమ్ముడి సంగతి. 2021 మే ఆఖరులో మా కోయంబత్తూరులో రోజు కేసులు చెన్నైని దాటిపోయాయి. ఆక్సిజన్ పడక దొరకలేదు. సంఘం తరఫున రెండు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కొని, ఎవరింట్లో కావాలంటే అక్కడికి పంపాలని ఆయన ఆలోచన. డ్రా పెడితే నాలుగు రోజుల్లో డబ్బు పోగవుతుందన్నాడు. మేము వద్దన్నాక చందాకు దిగాము. పేరు, మొత్తం, రసీదు. పెళ్లి చదివింపులు రాసినట్టు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి రాశాము. డబ్బు వచ్చింది. కాని నాలుగు రోజుల్లో కాదు, పదిహేను రోజులు పట్టింది. మెషీన్లు వచ్చేసరికి ఆయన అన్నగారు పోయి మూడు రోజులైంది.

ముందే మెషీన్ ఉంటే ఆయన బతికేవాడా అంటే ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ మాట చెప్పి తప్పించుకోవాలని మాకు లేదు. డ్రా పెట్టి ఉంటే డబ్బు తొందరగా వచ్చేది. అది నిజం. వంద రూపాయలకు వాషింగ్ మెషీన్ వస్తుందేమో అనే ఆశకు ఉన్న వేగం చందా పుస్తకానికి లేదు. 1817 నుంచి సర్కార్లన్నీ లాటరీ వైపు పోవడానికి కారణం ఆ వేగమే. చట్టాలు దాన్ని పట్టుకొని ఆపడానికి కారణం కూడా అదే. ఎవరి జేబులోంచి అంత తొందరగా వస్తోంది అని చూస్తే, ఇవ్వగలిగినవాడి జేబు ఆఖరున తెరుచుకుంటుంది. మన చందాలో ఎక్కువ ఇచ్చింది పదిమంది. డ్రా టికెట్లు పెట్టి ఉంటే అవి కొనేది అప్పుడు పనిలేక ఇంట్లో కూర్చున్న మగ్గంవాళ్లు, ఆటోవాళ్లు. ఇది మా నమ్మకం. తమ్ముడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడానికి ఆయనకు హక్కుంది.

ఇక వచ్చే మహాసభకు పనికొచ్చే సంగతులు కొన్ని.

చీటీపాట వేరే, ఇది వేరే. మనవాళ్లు ఇళ్లలో తరతరాలుగా వేసుకునే పాట చీటీకి 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది. అందులో ప్రతివాడి డబ్బు వాడికి తిరిగి వస్తుంది. చీటీ కడుతూ, పేరు వచ్చినవాడికి బహుమతి ఇచ్చి మిగతాది నడిపేవాడు ఉంచుకునే పద్ధతిని 1978లో కేంద్రం నిషేధించింది. ఆ చట్టంలో మాత్రం ఒక చిన్న కిటికీ ఉంది. రిజర్వ్ బ్యాంకును సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ధర్మ సంస్థకు, విద్యా సంస్థకు ఆ నిషేధం వర్తించదు. రిజిస్టర్ చేసుకున్న సంఘమైతే చాలదు, మన సంఘం పేరుతోనే నోటిఫికేషన్ రావాలి.

ప్రవేశం ఉచితమైతే సంగతి వేరు. బహుమతి, అదృష్టం, దానికోసం ఇచ్చిన డబ్బు ఈ మూడూ కలిస్తేనే లాటరీ. ఉగాది రోజు వచ్చినవాళ్లందరికీ ఊరికే చీటీ ఇచ్చి ఒకరికి కుక్కర్ ఇస్తే అందులో మూడోది లేదు. పక్కన చందా పెట్టె విడిగా పెట్టవచ్చు. పెట్టెలో వేసినవాడికే చీటీ అంటే మళ్లీ మొదటికే వచ్చాము. 2021కీ ఇప్పటికీ ఆన్‌లైన్ దారి ఇంకా బిగిసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలమీద 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. కాబట్టి ఫోన్ తంబోలా మాట ఎత్తవద్దు.

మిగిలింది 1870 నుంచి ఆ సెక్షన్‌లో ఉన్న రెండో మాట. సర్కారు అనుమతి ఇచ్చిన లాటరీ. 2003 నుంచి మన రాష్ట్రం ఉన్న తీరు చూస్తే ఇస్తారని మేము అనుకోవడం లేదు. కాని అడగకుండా ఇవ్వరు అని ఎలా చెప్పేది అని తమ్ముడు పోయిన నెల మా ఇంటికి వచ్చి అడిగాడు. అన్నగారి సంవత్సరీకం పిలుపుకు వచ్చాడు. కాఫీ తాగాడు. 2021లో మీరు రూల్ లేదన్నారు గాని, అర్జీ పెట్టి చూద్దామని ఒక్కసారైనా అన్నారా అన్నాడు. అనలేదు. అది నిజం.

ఆయనకు తమిళంలో ఆఫీసు అర్జీలు రాసే అలవాటు లేదు. మాకు ఉంది. కూర్చొని మేమే రాశాము. సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, మూడేళ్ల ఆడిట్ లెక్క, బహుమతుల జాబితా, టికెట్ల సంఖ్య, సభ్యులకే అమ్ముతాము, నగదు బహుమతి లేదు, మిగిలిన డబ్బంతా వైద్య నిధికే అని అన్నీ చేర్చాము. కింద ఆయన సంతకం, పక్కన మాది. కలెక్టరాఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్న నకలు సంఘం బీరువాలో మినిట్స్ పుస్తకం పక్కన ఉంది. మహాసభకు వచ్చేవాళ్లు చూడవచ్చు. జవాబు వచ్చేదాకా టికెట్ పుస్తకాలు అచ్చుకు ఇవ్వవద్దని కార్యదర్శిగారికి చెప్పాము. చందా పుస్తకం మాత్రం తెరిచే ఉంది. మొదటి పేజీలో మొదటి పేరు తమ్ముడిదే.